పెరట్లో కొలిమి: రంగు చూసి ఇనుము కొట్టడం

సరదాకి కమ్మరం నేర్చుకుందామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది సుత్తి గురించి, ఇనుముని పెట్టి కొట్టే దాకలి గురించి. కానీ చెడిపోయిన పనులన్నీ ఒకచోట కుప్ప పోసి చూస్తే, దెబ్బ తప్పి చెడినవి అందులో కొన్నే ఉంటాయి. మిగతావన్నీ వేడి దగ్గర చెడినవే. చల్లబడిన ఇనుమును కొట్టి పగలగొట్టినవి, మరీ కాల్చి మాడ్చినవి, చల్లార్చేటప్పుడు తొందరపడి బీటలు తెప్పించినవి. అందుకే ఇక్కడ సుత్తి కంటే నిప్పు గురించే ఎక్కువ చెబుతున్నాం. కొలిమి కట్టడం దగ్గర మొదలుపెట్టి, ఒక కొక్కెం, ఆ తర్వాత పాత కమాను పట్టీతో (బండ్లకి స్ప్రింగులా వాడే ఉక్కు పట్టీ) తోటపనికి ఒక కత్తి చేసేదాకా వెళ్దాం.

చోటు, కొలిమి

చోటు చూసేటప్పుడు ముందు గడ్డివాము ఎక్కడుందో చూడండి. వాము, కట్టెల కుప్ప, పశువుల పాక కొలిమికి కనీసం 30 అడుగుల దూరంలో ఉండాలి. గాలి కొలిమి మీదుగా వాటివైపు వీచే చోటైతే ఆ దూరం కూడా చాలదు. తాటాకు కప్పు కింద, రెల్లు కప్పు కింద కొలిమి వద్దే వద్దు. రేకుల కప్పు వేసి, రెండు వైపులైనా గోడ లేకుండా వదిలేస్తే చాలు. మూసిన గదిలో బొగ్గు మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి మొదలైతే అప్పటికే ఒంట్లోకి చేరిందని అర్థం. ఎండాకాలంలో వడగాలి కొట్టే రోజున కొలిమి అసలు ముట్టించకండి.

నీడ ఇంకో పనికీ కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో, నిజానికి బాగా కాగిన ఇనుము కూడా ఎర్రబడీ పడనట్టు కనిపిస్తుంది. ఇంకా కాగలేదేమో అని గాలి పెంచుతారు, ఇనుము మాడిపోతుంది. రోజూ ఒకే వెలుతురులో పనిచేస్తేనే కంటికి రంగులు అలవాటవుతాయి. చల్లార్చే పని, అంటే కాల్చిన ఉక్కుని నూనెలో ముంచి గట్టిపరచడం, మాత్రం పొద్దుగూకే వేళకి పెట్టుకోవడం మేలు.

కొలిమి చుట్టూ మట్టినేలే ఉండాలి. ఎర్రటి ముక్క సిమెంటు గచ్చు మీద పడితే, లోపలి తేమ ఆవిరై గచ్చు పెచ్చులుగా పేలుతుంది.

ఊళ్ళలో కమ్మరి కింద కూర్చునే పనిచేస్తాడు, కొలిమి నేలమట్టంలోనే ఉంటుంది. ఆ కూర్చోవడం అలవాటు లేనివాళ్ళకి గంటలోనే నడుము పట్టేస్తుంది. ఇటుకలతో రెండున్నర అడుగుల ఎత్తు దిమ్మె కట్టి, దాని మీద మట్టితో 8 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల లోతు ఉన్న గుంట చేసుకోండి. మట్టికి పుట్టమన్ను రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, రెండు గుప్పిళ్ళ ఊక. నీళ్ళు తక్కువ పోసి చపాతీ పిండిలా పిసికి, రెండు అంగుళాల మందాన మెత్తండి. నాలుగైదు రోజులు నీడన ఆరనివ్వాలి. ఎండలో పెడితే పైన గట్టిపడి లోపల తడి మిగిలి బీటలు వస్తాయి. మొదటిసారి గాలి పెట్టకుండా, కాసిని చితుకులతో గంటసేపు చిన్న మంట వేస్తే మిగిలిన తడి పోతుంది. తర్వాత వచ్చే సన్న బీటలను అదే మట్టితో పూడ్చుకుంటే సరిపోతుంది.

గాలి గొట్టానికి అంగుళం లావు, అడుగున్నర పొడవు ఉన్న నల్ల ఇనప గొట్టం తీసుకోండి. నీళ్ళ పైపులకు వాడే జీఐ గొట్టం వద్దు. దాని జింకు పూత ఎర్రటి వేడికి తెల్లటి పొగై లేస్తుంది. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్ళునొప్పులు పట్టుకుంటాయి. అదే కారణంతో జింకు పూసిన బోల్టులు, తీగ, రేకు ముక్కలు ఏవీ కొలిమిలో పెట్టకూడదు. గొట్టం మూతి గుంట అడుగుకి రెండు అంగుళాల ఎత్తున, పక్కనుంచి లోపలికి తొంగిచూస్తున్నట్టుండాలి. మూతి చుట్టూ మట్టి మెత్తకపోతే కొన్నాళ్ళకే కాలి అరిగిపోతుంది.

గాలికి చేత్తో తిప్పే పంకా అన్నిటికంటే మంచిది. చెయ్యి ఆగితే గాలి ఆగుతుంది, బొగ్గు ఆదా అవుతుంది, ఇనుము మాడదు. కరెంటు బ్లోయరైతే గాలిని తగ్గించడానికి మధ్యలో జరిపే రేకు పెట్టించుకోండి. అది లేకపోతే కొత్తవాళ్ళ చేతిలో సగం ఇనుము మంటకే పోతుంది.

బొగ్గుకి సర్కారు తుమ్మ బొగ్గు మన పల్లెల్లో సులువుగా దొరుకుతుంది, వేడీ బాగా ఇస్తుంది. నల్లతుమ్మ, చింత బొగ్గు దొరికితే ఇంకా మంచిది. ఉసిరికాయంత ముక్కలుగా కొట్టుకోండి. పెద్ద ముక్కల మధ్య సందులు ఎక్కువై చల్లగాలి నేరుగా ఇనుముకి తగులుతుంది. పొడి అయితే గాలికి ఎగిరి రవ్వలు చిమ్ముతుంది. గంటకి కిలోన్నర, రెండు కిలోలు ఖర్చవుతుందని లెక్క వేసుకోండి. రాక్షసి బొగ్గు జోలికి మొదట్లో పోకండి. సింగరేణి బొగ్గు కోకుగా కట్టే రకం కాదు, బూడిద శాతం కూడా ఎక్కువ. ఆ బూడిద కరిగి చిట్టెంలా గడ్డకట్టి గాలి మూతిని మూసేస్తుంది. పైగా పొగ.

దాకలి, మిగతా సామాను

అసలైన దాకలి దొరకలేదని ఆగిపోనక్కర్లేదు. పాతసామాన్ల కొట్టులో 20 నుంచి 30 కిలోల ఉక్కు దిమ్మ ఏదైనా చాలు. ట్రాక్టరు ఇరుసు ముక్క నిలబెట్టినా, యంత్రాల లోపలి మందపాటి షాఫ్టు అయినా పనికొస్తుంది. కొనేముందు చిన్న పరీక్ష చెయ్యండి. బేరింగు గుండుని 10 అంగుళాల ఎత్తు నుంచి దాని మీద వదలండి. ఆరేడు అంగుళాలు పైకెగిరితే మంచి ఉక్కు. రెండు మూడు అంగుళాలే లేచి చప్పబడితే మెత్తని ఇనుమో, పోతపోసిన ఇనుమో అయ్యుంటుంది. అలాంటి దాని మీద మీ దెబ్బలో సగం దాకలే తినేస్తుంది.

రైలుపట్టా ముక్క బాగుంటుంది, నిజమే. కానీ ఎక్కడినుంచో తెచ్చిన ముక్క ఇంట్లో ఉంచుకుంటే 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద నేరం. రైల్వే వేలంలో కొన్నట్టు కాగితం చూపించగలిగే వ్యాపారి దగ్గరైతేనే కొనండి.

దిమ్మని తుమ్మ మొద్దులో దిగేసి, మొద్దుని అడుగున్నర లోతున పాతిపెట్టండి. మీరు నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలి పిడికిలి బిగిస్తే, దాకలి పైభాగం మీ పిడికిలి కణుపుల ఎత్తులో ఉండాలి. ఇంతకంటే ఎత్తయితే భుజం నొప్పి, తక్కువైతే నడుము నొప్పి.

సుత్తి కిలో బరువు చాలు. కొత్త సుత్తి మొహం అంచులు పదునుగా ఉంటాయి. వాటిని ఆకురాయితో రాసి గుండ్రం చెయ్యకపోతే ప్రతి వంకర దెబ్బా ఇనుము మీద గోరుగుర్తులా లోతుగా పడుతుంది. ఆ గాటు దగ్గరే తర్వాత బీట మొదలవుతుంది. పటకారు రెండు చాలు, ఒకటి పట్టీలకి, ఒకటి కడ్డీలకి. దవడలు ముక్క మందానికి సరిగ్గా అతకాలి. 6 మిల్లీమీటర్ల పట్టీని పట్టినప్పుడు రెండు దవడలూ దాని మీద పూర్తిగా ఆనకపోతే, దెబ్బ పడగానే ఎర్రటి ముక్క ఎగిరి కాళ్ళ మీద పడుతుంది. పెద్ద ఆకురాయి, హాక్‌సా, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, ఒక బకెట్ నీళ్ళు, ఒక బకెట్ ఇసుక. ఇసుక నూనె మంటకి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు.

లుంగీ, చెప్పులు, నైలాన్ చొక్కా కొలిమి దగ్గరికి రాకూడదు. నైలాను, పాలిస్టరు కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు ప్యాంటు బూటు మీదికి జారేలా వేసుకోండి, లోపలికి దోపితే రవ్వలు బూటులోకి పోతాయి. కళ్ళద్దాలు తప్పనిసరి. కాలితే ఇంకు, టూత్‌పేస్టు, పసుపు ఏవీ రాయకుండా మామూలు నీళ్ళ ధార కింద 20 నిమిషాలు పెట్టండి. బొబ్బ పెద్దదైతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నల్లగా కనిపిస్తున్న ఇనుము చల్లగా ఉందని నమ్మకండి. 400 డిగ్రీల దగ్గర కూడా పగటి వెలుతురులో అది నల్లగానే ఉంటుంది. కొత్తవాళ్ళ చేతులు ఎక్కువగా కాలేది ఇక్కడే. ఏ ముక్క పట్టుకోబోయినా ముందు చేతి వెనకభాగం దాని దగ్గరగా పెట్టి సెగ చూసుకోండి.

మీ ఊళ్ళో పనిచేస్తున్న కమ్మరి ఉంటే, ఒక పూట ఆయన కొలిమి పక్కన కూర్చుని చూడండి. మీ పని మొదలుపెట్టకముందే వెళ్ళండి. ఏరువాక ముందు రోజుల్లో కర్రులు, పారలు, గొడ్డళ్ళతో ఆయనకి తీరిక ఉండదు, ఆ రోజులు వదిలేయండి. గాలి ఎప్పుడు ఆపుతున్నాడు, ముక్కని నిప్పులో ఎక్కడ పెడుతున్నాడు, ఏ రంగు దగ్గర కొట్టడం మానేస్తున్నాడు అన్నది గమనిస్తే చాలు. పటకార్లు కూడా ఆయన దగ్గరే చేయించుకోండి. బజారు పటకార్ల కంటే మీ చేతికి నప్పుతాయి.

రంగులు

కొబ్బరిపీచు ముట్టించి, బొగ్గు పేర్చి, నెమ్మదిగా గాలి పెట్టండి. గొట్టం మూతికి పైన నాలుగు అంగుళాల బొగ్గు ఉండాలి. ముక్కని గొట్టం మూతికి ఎదురుగా పెట్టడం అందరూ చేసే మొదటి తప్పు. అక్కడ గాలి ఇంకా మండలేదు, చల్లగా ఉంటుంది. ముక్క కాగదు, కాగినా పొలుసు కడుతుంది. మూతికి రెండు మూడు అంగుళాల పైన, కింద బొగ్గు, మీద బొగ్గు ఉండేలా అడ్డంగా పడుకోబెట్టాలి. నిప్పు మరీ విస్తరిస్తే అంచుల మీద నీళ్ళు చిలకరించండి.

నల్లదనం పోయి మసక ఎరుపు వచ్చిందంటే 600 డిగ్రీల దరిదాపు. దానిమ్మ గింజ ఎరుపు 750. బత్తాయి తొనలాంటి నారింజ 900 నుంచి 950. పసుపు 1050 నుంచి 1100. ఇంకా పైకి పోతే తెలుపు, ఆ తర్వాత కాకరపువ్వొత్తిలా రవ్వలు. రవ్వలు వస్తే ఉక్కు మండిపోతున్నట్టే. ఆ భాగం మళ్ళీ బాగుపడదు, కోసి పారేయాల్సిందే.

మెత్తని ఇనుముని, అంటే వెల్డింగు షాపులో దొరికే ఎంఎస్ కడ్డీని, పసుపు దాకా కాల్చినా ఓర్చుకుంటుంది. అందులో కార్బన్ పావు శాతం లోపే. కమాను ఉక్కులో కార్బన్ అర శాతం పైన ఉంటుంది. దాన్ని నారింజ దాటి పసుపు మొదట్లోనే ఆపాలి. కార్బన్ పెరిగేకొద్దీ ఉక్కు ఓర్చుకునే వేడి తగ్గుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కులో కార్బన్ ఇంతకు రెండు రెట్ల పైనే ఉండేది. పర్షియా వర్తకులు అక్కడికొచ్చి ఆ ఉక్కు కొనేవాళ్ళు. అలాంటి ఉక్కుని మామూలు ఇనుములా పసుపు దాకా కాల్చి కొడితే పిండిపిండిగా రాలిపోతుంది. తక్కువ వేడిలో, ఓపికగా సాగగొట్టాలి.

ఏ ఉక్కైనా సరే, మసక ఎరుపులోకి దిగగానే సుత్తి పక్కన పెట్టి మళ్ళీ కొలిమిలో పెట్టండి. "ఇంకో రెండు దెబ్బలు" అనుకున్నప్పుడే బీటలు పడతాయి.

మొదటి పని కొక్కెం

10 మిల్లీమీటర్ల ఎంఎస్ కడ్డీ, అడుగు పొడవు. చివరి రెండున్నర అంగుళాలు పసుపు రంగుకి తెచ్చి మొన తీయండి. గుండ్రని కడ్డీని గుండ్రంగానే కొడుతూ సన్నం చేయబోతే నడిమధ్య చీలుతుంది. ముందు పలక తీయాలి: ఒక దెబ్బ, పావు తిప్పు, ఒక దెబ్బ. నాలుగు పలకలుగా సన్నపడ్డాక మూలలు కొట్టి ఎనిమిది పలకలు, ఆ తర్వాతే గుండ్రం. దెబ్బలు చివరినుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. వెనకనుంచి ముందుకి కొడితే పైపొర సాగిపోయి లోపలిది వెనకబడి, చివర చేప నోరులా తెరుచుకుంటుంది. ఆ నోటిని కొట్టి మూయబోతే పైకి అతికినట్టు కనిపించి లోపల బీటగా మిగులుతుంది. వెంటనే కోసేసి మళ్ళీ మొన తీయండి. మొన కుదిరాక దాకలి అంచు మీద వంచితే కొక్కెం. ఇలాంటివి పది చెయ్యండి. పదోది మూడుసార్లు కాల్చడంతోనే పూర్తయితే కత్తికి చెయ్యి సిద్ధమైనట్టే.

కమాను పట్టీ

లారీ కమాను పట్టీలు మొదటి కత్తికి మరీ మందం. జీపు, ఆటో ట్రాలీల పట్టీలు 6 మిల్లీమీటర్ల దగ్గర దొరుకుతాయి, అవే వెతకండి. పాత పట్టీ లక్షలసార్లు వంగి లేచి ఉంటుంది, కంటికి కనపడని బీటలుండొచ్చు. ముఖ్యంగా నడిమి బోల్టు రంధ్రం చుట్టూ. తుప్పు గీకి, కిరసనాయిలు రాసి పావుగంట ఉంచండి. గుడ్డతో పొడిగా తుడిచేసి సుద్ద పొడి రుద్దండి. బీట ఉంటే అందులో దాగిన కిరసనాయిలు బయటికొచ్చి సుద్ద మీద సన్నని తడి గీతగా కనిపిస్తుంది. ఆ భాగం వదిలేయండి.

పట్టీని నేరుగా హాక్‌సాతో కోస్తే బ్లేడు పళ్ళు రాలతాయి. ముందు అయస్కాంతం అంటుకోనంత వేడి చేసి, పొడి ఊకబూడిదలో పూర్తిగా పూడ్చి తెల్లవారిదాకా వదిలేయండి. నెమ్మదిగా ఆరిన ఉక్కు మెత్తబడుతుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు, అడుగున్నర పొడవు ఉన్న బద్ద కోసుకోండి.

బద్దలోంచి వేలంత ముక్క ఒకటి కోసి పరీక్షకి వాడాలి. ఈ పని మానేసి నేరుగా కత్తి మీదికి పోకండి, పాత ఇనుము పేరు చెప్పి ఏం ఇచ్చారో దాని మొహం చూస్తే తెలియదు. ముక్కని అయస్కాంతం వదిలేదాకా కాల్చి, ఇంకొంచెం రంగు పెరగనిచ్చి, గోరువెచ్చని నూనెలో ముంచండి. ఆరాక దాని మీద ఆకురాయి రాస్తే గాజు మీద జారినట్టు జారాలి. ఇప్పుడు గుడ్డలో చుట్టి, వైసులో బిగించి సుత్తితో విరవండి. విరిగిన మొహాన్ని వెలుతురుకి పట్టి చూడండి. కొత్త కుండపెంకు విరిచినట్టు సన్నగా, మెరుపు లేని బూడిదరంగులో ఉంటే వేడి సరిపోయింది. పంచదార పలుకుల్లా మిలమిల మెరిస్తే వేడి ఎక్కువైంది, ఉక్కు లోపల పలుకు పెరిగిపోయింది. విరగకుండా వంగితే వేడి చాలలేదు, లేదా అది కమాను ఉక్కే కాదు. ఇలాంటి ముక్కలు మూడు వేర్వేరు వేడిలలో చేసి విరిచి, పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి ఆ తేడా అలవాటవుతుంది.

కత్తి సాగగొట్టడం

బద్ద పొడుగ్గా ఉండటం వల్ల రెండో కొసని చేత్తోనే పట్టుకోవచ్చు, పటకారు బాధ లేదు. ముందు మొన. బద్ద మూల ఒకటి కొట్టి వాలుగా దించండి. పక్కకి కొట్టిన ప్రతిసారీ ముక్క ఉబ్బుతుంది, వెంటనే పడుకోబెట్టి ఆ ఉబ్బు అణచాలి. మొన దగ్గర ఇనుము తక్కువ కాబట్టి మిగతా భాగం నారింజకి వచ్చేలోపే అది మాడుతుంది. కొసని నిప్పు దాటించి అవతల పెట్టి, వెనకభాగం కాగాక లోపలికి లాగండి.

తర్వాత అంచు. అంచుని పలచగా కొట్టేకొద్దీ ఆ వైపు పొడవు పెరిగి, కత్తి వీపు వైపుకి అరటిపండులా వంగుతుంది. దాన్ని తర్వాత సరిచేద్దామనుకుంటే పలచబడ్డ అంచు ముడతలు పడుతుంది. ముందే కత్తిని అంచు వైపుకి కొడవలిలా కొంచెం వంచుకోండి. అంచు సాగుతుంటే దానంతట అదే తిన్నగా వస్తుంది. రెండు వైపులా సమానంగా, అయిదారు దెబ్బలకోసారి తిప్పుతూ కొట్టాలి. వీపు 4 మిల్లీమీటర్లు, అంచు 2 మిల్లీమీటర్లు ఉండగానే ఆపేయండి. అంచుని ఇప్పుడే కాగితంలా చేస్తే చల్లార్చేటప్పుడు వంకర పోతుంది, పగులుతుంది. పైపొరలో కార్బన్ కాలిపోయి ఉంటుంది కాబట్టి ఆ పొరని తర్వాత అరగదీయడానికి కూడా మందం మిగలాలి.

మొననుంచి లెక్కేసి బద్దని కోయండి. మొదట్లో 150 మిల్లీమీటర్లున్న బద్ద కత్తికీ, పిడిలోకి పోయే ములుకుకీ సరిపోతుంది. వెనక 35 మిల్లీమీటర్లని సన్నగా సాగగొడితే నాలుగంగుళాల ములుకు వస్తుంది, ముందు భాగం ఆరంగుళాల పైన కత్తి అవుతుంది. ములుకు కత్తిని కలిసే మూల ఎప్పుడూ గుండ్రంగా ఉండాలి. అక్కడ చదరపు మూల వదిలితే కత్తి విరిగేది సరిగ్గా అక్కడే.

ఒక మాట. ఇంటికి, వ్యవసాయానికి కాని కత్తి 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటితే ఆయుధ నిబంధనల కిందికి వస్తుంది. అలంకారానికి పొడుగు కత్తులు చేసే సరదా ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

కొట్టడం అయ్యాక కత్తిని అయస్కాంతం వదిలేదాకా కాల్చి, గాలి లేని చోట వేలాడదీసి నల్లబడేదాకా ఆరనివ్వండి. ఇలా మూడుసార్లు, ప్రతిసారీ వేడి కొంచెం తగ్గిస్తూ. కొట్టేటప్పటి వేడికి పెరిగిన పలుకు సన్నబడుతుంది, లోపలి బిగువు సడలుతుంది. వంకరలు సరిచేయడానికి కూడా ఇదే సమయం.

పదును

ఇక్కడ పదును అంటే సాన పట్టడం కాదు, ఉక్కుని గట్టిపరిచి, ఆ తర్వాత పెళుసు తీయడం. రెండూ కలిస్తేనే పదును.

5 అంగుళాల లావు, 16 అంగుళాల పొడవు ఉన్న ఇనప గొట్టానికి అడుగు వెల్డింగు చేయించి, నాలుగు లీటర్ల వేరుశనగ నూనె పోయండి. మూత తప్పనిసరి, మంట లేస్తే మూసేయడానికి. వాడేసిన ఇంజను ఆయిలు వద్దు, దాని పొగ ఆరోగ్యానికి చెడ్డది. ఎర్రటి ఇనప ముక్క ఒకటి ముంచి నూనెను వెచ్చబెట్టండి. గొట్టం పక్కన చెయ్యి ఆనిస్తే ఓర్చుకోగలిగేంత, 50 డిగ్రీల దగ్గర. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, వెచ్చటిది పలచబడి త్వరగా లాగుతుంది.

కత్తిని నిప్పులో ముందుకీ వెనక్కీ జరుపుతూ ఒకే రంగు తెప్పించండి. అయస్కాంతం 770 డిగ్రీల దగ్గర వదిలేస్తుంది. ఈ ఉక్కుకి ఇంకొంచెం కావాలి, దానిమ్మ ఎరుపు దాటి నారింజ మొదలయ్యేదాకా. ఒక్క క్షణం కూడా వృథా చేయకుండా మొన కిందికి పెట్టి నిలువునా దించండి. పక్కలకి ఊపితే వంగుతుంది, పైకీ కిందికీ మాత్రమే ఆడించాలి. పది పన్నెండు సెకన్ల తర్వాత తీసి చూసి, వంకర ఉంటే తోలు చేతి తొడుగులతో చటుక్కున సరిచేయండి. కొద్ది సెకన్లే వ్యవధి, తర్వాత విరుగుతుంది.

మరి కమ్మరి నీళ్ళలోనే ముంచుతాడు కదా అనే అనుమానం సహజం. ఆయన కత్తిని మొత్తం ముంచడు. అంచు అంగుళం మేరే నీళ్ళలో పెట్టి తీసేస్తాడు. అంచుని గబగబా ఇటుకముక్కతో రుద్ది తెల్లగా చేసి, వీపులో మిగిలిన వేడి అంచులోకి పాకుతూ రంగులు మారడం చూస్తాడు. కావలసిన రంగు అంచుకి చేరగానే మళ్ళీ ముంచుతాడు. గట్టిపరచడం, పెళుసు తీయడం ఒకే వేడిలో అయిపోతాయి. ఎన్నో ఏళ్ళ కన్ను ఉంటే తప్ప అది కుదరదు. కొత్తవాళ్ళు కమాను ఉక్కుని మొత్తంగా నీళ్ళలో దించితే టింగ్‌మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. అంచు అడ్డంగా పగిలిన చప్పుడది.

నూనెలోంచి తీసిన కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. కింద పడితే రెండు ముక్కలు. అందుకే ఆ గంటలోనే పెళుసు తీయాలి, రేపు చూద్దామంటే రాత్రే పగలొచ్చు. ముందు ఆకురాయి జారుతోందో లేదో చూడండి. ఆకురాయి పట్టేస్తే పైపొర కొంచెం రాసి మళ్ళీ చూడండి. అప్పుడు జారితే మెత్తబడింది పైపొర మాత్రమే. అప్పటికీ పడుతుంటే వేడి చాలలేదు, మళ్ళీ కాల్చి ముంచాలి.

ఇంట్లో కేకులు చేసే ఓవెన్ ఉంటే 220 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టి, తీసి ఆరనిచ్చి, మళ్ళీ గంట. నూనె శుభ్రంగా కడిగి పెట్టండి. ఓవెన్ లేకపోతే కత్తిని ఇసుక కాగితంతో తెల్లగా రుద్ది, మందపాటి ఇనప దిమ్మను ఎర్రగా కాల్చి దాని మీద వీపు ఆనించండి. ఎండుగడ్డి పసుపు వస్తే 220 డిగ్రీలు, బెల్లం రంగు 250, వంకాయ రంగు 280, నీలం 300. తోట కత్తికి అంచు దగ్గర బెల్లం రంగు రావాలి, వీపు నీలమైనా నష్టం లేదు. దెబ్బలు తినే గొడ్డలికి వంకాయ రంగు. అనుకున్న రంగు రాగానే నీళ్ళలో ముంచి ఆపేయండి. రంగులు మొదట నెమ్మదిగా కదిలి చివర్లో పరుగెడతాయి, కన్ను పక్కకి తిప్పకూడదు.

సరిగ్గా వచ్చిందో లేదో సాన పట్టాక తేలుతుంది. పాత ఇత్తడి గరిటె కాడని వైసులో అడ్డంగా బిగించి, అంచుని దాని మీద వాలుగా ఆనించి నొక్కుతూ లాగండి. అంచు కొద్దిగా వంగి, కాడ దాటగానే తిన్నగా లేచి నిలబడితే పదును కుదిరింది. వంగినది వంగినట్టే ఉండిపోతే మెత్తబడింది, మొదటినుంచి కాల్చి ముంచాలి. పెచ్చు లేస్తే పెళుసు మిగిలింది, ఇంకో 20 డిగ్రీలు పెంచి మళ్ళీ పెట్టండి.

సాన రాతి మీద నీళ్ళు పోస్తూ చేత్తోనే పట్టండి. గ్రైండరు వాడితే ప్రతి రెండు సెకన్లకీ నీళ్ళలో ముంచాలి. అంచు మీద నీలం మెరిసిందంటే అక్కడ పదును పోయినట్టే.

పిడి

ఎండిన తుమ్మ కర్ర మంచిది. పచ్చి కర్ర ఆరి కుంచించుకుపోయి నెలలోపే ఊగుతుంది. పిడి ముందు భాగానికి ఇనప గొట్టం ముక్కతో పొన్ను వేయండి, లేకపోతే ములుకు దిగేటప్పుడే కర్ర చీలుతుంది. ములుకు కంటే సన్నగా రంధ్రం వేసి, ములుకుని మసక ఎరుపుకి కాల్చి కొద్దికొద్దిగా దించితే తన దారి తనే కాల్చుకుంటుంది. ఆ సమయమంతా కత్తి భాగాన్ని తడి గోనెలో చుట్టి ఉంచాలి. మర్చిపోతే ములుకు వేడి అంచులోకి పాకి పదును తీసేస్తుంది. చివర్లో తీసి, రంధ్రంలో లక్క పొడి వేసి, ములుకు మళ్ళీ వెచ్చబెట్టి దించితే లక్క కరిగి బిగుసుకుంటుంది. లక్కతో బిగించిన పిడిని ఎండలో ఆగి ఉన్న కారులోనో, పొయ్యి గట్టు మీదో వదిలేయకండి, మళ్ళీ మెత్తబడుతుంది.

ఈ ఉక్కుకి తుప్పు పడుతుంది. నిమ్మకాయలు కోసినా, వానలో పనిచేసినా వెంటనే తుడిచి రెండు చుక్కలు కొబ్బరినూనె రాయండి. వానాకాలంలో బొగ్గు బస్తాలు నేల మీద కాకుండా చెక్క మీద పెట్టి కప్పి ఉంచండి. తడిసిన బొగ్గు చిటపటమని పేలుతూ రవ్వలు ముఖం మీదికి చిమ్ముతుంది.